పాత అంబాసిడర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్: ముందు డైనమో సంగతి చూడండి

మీ ప్రశ్న ఇది. బండి 1982 నాటి అంబాసిడర్ మార్క్ 4, ఇంజిను 1489 సీసీ పెట్రోల్. హైవే మీద వేడి ముల్లు సగం దాటదు. సాయంత్రం వేళ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే మాత్రం ఎర్ర గీతను అందుకుంటోంది, రేడియేటర్ మూత బుసకొడుతోంది. ఇంజిను ముందున్న ఇనుప ఫ్యాన్ తీసేసి పాత మారుతి 800 ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగిద్దామని మీ మెకానిక్ అంటున్నారు. బిగించవచ్చా, బిగిస్తే ఇంకేమేమి మార్చాలి?

బిగించవచ్చు. నా మార్క్ 3 బండికి, నలుగురు మిత్రుల బండ్లకు ఈ మార్పు చేసిన అనుభవంతో చెబుతున్నాను. అయితే ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకే ఒక జబ్బుకు మందు. బండి నిలబడి ఉన్నప్పుడో, మెల్లగా పాకుతున్నప్పుడో ఎక్కే వేడిని అది తగ్గిస్తుంది. మిగిలిన వేడి ఏదైనా దాని వల్ల పోదు. పైగా ఆ ఫ్యాన్‌కు కావలసిన కరెంటు మీ బండిలో ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోకుండా పని మొదలుపెడితే, ఉడికే బండి కాస్తా నడిరోడ్డు మీద బ్యాటరీ దిగిపోయి ఆగే బండి అవుతుంది. మీ మెకానిక్ చెప్పినదానిలో ఈ రెండో సంగతి లేదు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వేడి ఎందుకు ఎక్కుతోందో చూద్దాం. మీ ఇంజినులో ఫ్యాన్ వాటర్ పంపు ముక్కు మీద బిగించి ఉంటుంది. ఫ్యాన్ బెల్ట్ తిప్పినంత వేగంతోనే తిరుగుతుంది. ట్రాఫిక్‌లో ఇంజిను నిమిషానికి 700, 800 చుట్లు తిరుగుతుంటే ఫ్యాన్ కూడా ఇంచుమించు అంతే. ఆ వేగానికి అది లాగే గాలి చాలా తక్కువ. అదే 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ముందున్న జల్లెడలోంచి గాలి తనంతట తానే దూసుకొస్తుంది, ఫ్యాన్ అవసరమే ఉండదు. కానీ ఫ్యాన్ అత్యంత వేగంగా తిరిగేది అప్పుడే. దానిని తిప్పడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపయితే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. అక్కర ఉన్నప్పుడు చాలని గాలి, అక్కర లేనప్పుడు దండగ పడే శక్తి. మోటారుతో తిరిగే ఫ్యాన్‌కు ఇంజిను వేగంతో సంబంధం లేదు. సిగ్నల్ దగ్గర నిలబడినా పూర్తి వేగంతోనే తిరుగుతుంది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఇంజిను అడ్డంగా కూర్చుంటుంది, ఇంజిను తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దాని కొన రేడియేటర్ వైపు ఉండదు. అందుకే అందులో మొదటి నుంచీ ఎలక్ట్రిక్ ఫ్యానే.

నిలబడితే వేడి, కదిలితే చల్లన అనే మీ లక్షణం గాలి కొరతకు సరిగ్గా సరిపోతుంది. ఇదే తిరగబడి, ఊళ్ళో బాగుండి హైవే మీద వేడెక్కుతూ ఉంటే ఫ్యాన్ మాట ఎత్తవద్దనేవాణ్ణి. అప్పుడు పూడిపోయిన రేడియేటరో, వెనకబడిన ఇగ్నిషన్ టైమింగో, హెడ్ గ్యాస్కెట్టో కారణమై ఉంటుంది. ఆ జబ్బులకు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఫలితం ఉండదు.

అయినా డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక ఆదివారం ఉదయం ఈ చిన్న పరీక్షలు చేయండి. ఫ్యాన్ బెల్ట్ మీద, రెండు పుల్లీల నడుమ పొడవైన చోట, బొటనవేలితో నొక్కండి. సుమారు 12 మిల్లీమీటర్లకు మించి లోపలికి పోతే బెల్ట్ వదులు, జారుతోందన్నమాట. అలా జారితే ఫ్యాన్, వాటర్ పంపు రెండూ మెల్లగా తిరుగుతాయి. తర్వాత ఇంజినును బాగా వేడెక్కనిచ్చి, ఆపేసి, తాళం తీసి, రేడియేటర్ కోర్ మీద, అంటే నీటి గొట్టాల వరుస మీద, అక్కడక్కడా చేత్తో తాకి చూడండి. చుట్టూ వేడిగా ఉండి ఒకచోట మాత్రం చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్టే. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసిన బండ్లలో తెల్లటి సున్నపు పొర గొట్టాల లోపల పేరుకుపోతుంది, టీ కెటిల్ అడుగున పేరుకున్నట్టే. మీది రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే భయపడనక్కర లేదు. రేడియేటర్ పని చేసేవాళ్ళు టంకం కరిగించి తొట్టి విప్పి, గొట్టాల్లోకి సన్నటి ఊచలు దూర్చి శుభ్రం చేసి మళ్ళీ అతికిస్తారు. ఆటోనగర్ మీ ఊళ్ళోనే ఉంది, ఈ పని తెలిసిన చేతులకు అక్కడ కొదవ లేదు. నా మిత్రులలో ఇద్దరికి ఈ ఒక్క పనితోనే సగం వేడి తగ్గింది.

థర్మోస్టాట్ ఉందో లేదో కూడా చూడండి. ఇంజిను తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న కవాటం అది. మన దగ్గర బండి వేడెక్కుతోందనగానే దానిని పీకి పక్కన పడేయడం చాలాచోట్ల అలవాటు. ఈ అలవాటంటే నాకు కోపం. అది లేకపోతే ఇంజిను చలికాలం ఉదయాల్లో, హైవే మీద ఎప్పటికీ తన వేడికి చేరదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. పైగా ఫ్యాన్ స్విచ్‌ను ఏ వేడికి ఎంచుకోవాలో చెప్పే ఆధారమే పోతుంది. థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద 82 అని ఉంటే ఆ వేడికి అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలుపెట్టాలి. లేకపోతే కొత్తది వేయండి.

రేడియేటర్ మూతనూ తేలికగా తీసుకోవద్దు. 7 పౌండ్ల మూత (చదరపు అంగుళానికి అంత ఒత్తిడి ఆపేది) సరిగా పట్టి ఉంటే లోపలి నీరు 100 దగ్గర కాక దాదాపు 112 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత రబ్బరు ఎండిపోయి పట్టు తప్పితే ఆ 12 డిగ్రీల రక్షణ పోయినట్టే. మీరు విన్న బుస బహుశా అదే. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకెనే అడగండి. ఎక్కువ ఒత్తిడి మూత పెడితే మేలనుకుంటే నలభై ఏళ్ళ నాటి అతుకులు ఊడిపోతాయి.

ఇవన్నీ సరిచేశాక కూడా ట్రాఫిక్‌లో వేడెక్కుతూ ఉంటే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు రండి. ఇక డైనమో సంగతి.

బానెట్ ఎత్తి చూడండి. బండికి కరెంటు పుట్టించే యంత్రం బెల్ట్‌తో తిరుగుతూ, పొడవాటి గొట్టంలా, నున్నగా ఉంటే అది పాత రకం, డైనమో. ఇంజిను వెనక గోడ మీద నల్లటి పెట్టె, మన మెకానిక్‌లు కటౌట్ అనేది, దానికి తోడుగా ఉంటుంది. పొట్టిగా, గుండ్రంగా, గాలి రంధ్రాలతో ఉంటే కొత్త రకం, ఆల్టర్నేటర్. మీది డైనమో అయితే ఈ లెక్క చూడండి. పాత బ్రిటిష్ నమూనా బండ్లలో విరివిగా వాడిన లూకాస్ సి40 డైనమో పూర్తి వేగంలో ఇచ్చేదే 22 ఆంపియర్లు. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిను మెల్లగా తిరుగుతున్నప్పుడు, అది దాదాపు ఏమీ ఇవ్వదు, కటౌట్ దానిని బ్యాటరీ నుంచి విడదీస్తుంది. చార్జింగ్ ఎర్ర లైటు మిణుకుమనేది అందుకే. ఇప్పుడు రాత్రిపూట వాన ట్రాఫిక్‌ను ఊహించండి. హెడ్‌లైట్లకు 10 ఆంపియర్ల వరకు, ఇగ్నిషన్‌కు 3 నుంచి 4, వైపర్‌కు 3, వెనక లైట్లకు మరో 2, కొత్త ఫ్యాన్‌కు ఇంకో 10. మొత్తం 28 దాటుతుంది. డైనమో ఇచ్చేది సున్నా. అరగంట నిలబడితే బ్యాటరీ నుంచి 14 ఆంపియర్-గంటలు పోతాయి. ఫ్యాన్ ఎక్కువగా తిరగవలసిన సమయమూ డైనమో పూర్తిగా పడుకునే సమయమూ ఒక్కటే. ఈ మార్పులో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అందుకని డైనమో ఉన్న బండికి ముందు ఆల్టర్నేటర్ పెట్టించండి, ఆ తర్వాతే ఫ్యాన్. 35 ఆంపియర్లు, వీలైతే అంతకు మించి ఇచ్చేది చూడండి. ఐడిల్‌లో అది కూడా పూర్తిగా ఇవ్వదు, కానీ ఫ్యాన్‌ను, ఇగ్నిషన్‌ను మోయగలుగుతుంది. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ వైపు పోయే పాత తీగ చాలదు, 6 చదరపు మిల్లీమీటర్ల కొత్త రాగి తీగ వేయించండి. చార్జింగ్ ఎర్ర బల్బు వెలుగుతోందో లేదో తప్పక చూడండి. చాలా ఆల్టర్నేటర్లకు తొలి ఊపిరి ఆ బల్బు ద్వారానే అందుతుంది, అది మాడిపోతే చార్జింగ్ మొదలుకాకపోవచ్చు. ఇంకొకటి, బ్యాటరీ ఏ కొన బాడీకి కలిసి ఉందో చూసుకోండి. 1950, 60 దశకాల బ్రిటిష్ నమూనా బండ్లలో ప్లస్ కొనను బాడీకి కలిపేవారు. అలాంటి బండికి మామూలు ఆల్టర్నేటర్ కలిపితే క్షణంలో డయోడ్లు కాలిపోతాయి.

ఆల్టర్నేటర్‌కు ఖర్చు పెట్టడం ఇష్టం లేకపోతే ఎలక్ట్రిక్ ఫ్యాన్ మానేయండి. ఉన్న ఇనుప ఫ్యాన్ చుట్టూ రేకుతో తొడుగు చేయించి, రెక్కల అంచుకూ తొడుగుకూ నడుమ వేలెడు సందు ఉంచండి. తక్కువ రెక్కల ఫ్యాన్ అయితే ఎక్కువ రెక్కలది వేయించండి. తొడుగు లేని ఫ్యాన్ తన అంచుల దగ్గర ఇంజిను వేడి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది, తొడుగు ఉంటే కోర్‌లోంచే లాగక తప్పదు. డైనమో బండి ఉన్న మిత్రుడికి ఇదే చేయించాను. మూడు వేసవులు గడిచాయి, మళ్ళీ ఫిర్యాదు రాలేదు.

ఇక ఫ్యాన్ ఎంపిక. మారుతి 800 ఫ్యాన్ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిను కోసం చేసింది. ఊళ్ళో నిలబడినంత వరకు మీ ఇంజినుకు కూడా సరిపోవచ్చు, ఎందుకంటే ఐడిల్‌లో కాలే పెట్రోలే తక్కువ, పుట్టే వేడీ తక్కువే. అది తేలిపోయేది ఘాట్ రోడ్డులో. మే నెలలో నలుగురితో, సామానుతో శ్రీశైలం ఘాట్ రెండో గేరులో ఎక్కుతుంటే ఇంజిను దాదాపు పూర్తి బలంతో పనిచేస్తుంది, బండి వేగం 25 దాటదు, ముందు నుంచి గాలి రాదు. ఇనుప ఫ్యాన్ అప్పుడు ఇంజినుతో పాటు జోరుగా తిరిగి కాపాడేది. దాని స్థానంలో వచ్చేది ఆ పని చేయగలగాలి. అందుకని కొంచెం పెద్ద కారుది, కోర్ వెడల్పులో పట్టగలిగినంత పెద్దది, సొంత తొడుగుతో సహా తీసుకోండి. కోర్ కొలిచి, కాగితం మీద గీసుకుని వెళ్ళండి. పాత సామాన్ల దుకాణంలోనే 12 వోల్టుల బ్యాటరీకి కలిపి తిప్పి చూడండి, వణుకు కానీ గరగర చప్పుడు కానీ ఉంటే వద్దు. ఎన్ని ఆంపియర్లు తాగుతోందో డీసీ క్లాంప్ మీటరుతో కొలిపించుకుని రాసుకోండి. తీగ, ఫ్యూజు, రిలే అన్నీ ఆ అంకెను బట్టే.

ఫ్యాన్ రేడియేటర్ వెనక, ఇంజిను వైపు ఉండి గాలిని లాగేదిగా ఉండాలి. ముందు పెట్టి తోసే పద్ధతీ ఉంది, కానీ హైవే మీద వచ్చే గాలికి ఆ మోటారే అడ్డం. రెక్కల వంపు ఒక దిశకే చేసి ఉంటుంది. తోసే ఫ్యాన్‌కు తీగలు తిరగేసి లాగేదిగా మార్చానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, గాలి సగానికి సగం పడిపోతుంది. బిగించాక రేడియేటర్ ముందు ఒక పలుచటి కాగితం పెట్టండి. కోర్‌కు అతుక్కుంటే దిశ సరి.

బిగించే తీరు మీద నా అనుభవం చెప్పాలి. నా బండికి మొదటిసారి ఒక వర్క్‌షాపులో ఫ్యాన్‌ను ప్లాస్టిక్ పట్టీలతో, కోర్ గొట్టాల సందుల్లోంచి దూర్చి కట్టేశారు. చూడడానికి బాగుంది, గంటలో పని అయిపోయింది. ఎనిమిది నెలల తర్వాత హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే సూర్యాపేట దాటాక ముల్లు పైకి లేచింది. దిగి చూస్తే, పట్టీ రాసుకుని రాసుకుని ఒక గొట్టం గోడ అరిగిపోయి సన్నటి ధారగా నీరు కారుతోంది. బండిలో పిల్లలు, మిట్టమధ్యాహ్నం ఎండ. ఆ రోజు పడ్డ బాధ నాకింకా గుర్తుంది. కోర్‌కు ఏదీ తగలకూడదు. రేడియేటర్ ఇరుపక్కల ఉన్న ఇనుప చట్రానికి పట్టీ ఇనుముతో రెండు అడ్డకమ్మీలు చేయించి, నడుమ రబ్బరు వాషర్లు వేసి, ఫ్యాన్‌ను వాటికే బిగించండి. తొడుగు అంచు చుట్టూ కోర్ చట్రానికి ఆనే చోట స్పాంజి పట్టీ అతికిస్తే పక్కల నుంచి గాలి దొంగిలించదు. ఫ్యాన్ మోటారు వెనక్కీ వాటర్ పంపు పుల్లీకీ నడుమ కనీసం 25 మిల్లీమీటర్లు వదలండి. ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు ఊగుతుంది.

ఇనుప ఫ్యాన్ తీసేటప్పుడు ఒక చిన్న విషయం చాలామంది మరచిపోతారు. ఫ్యాన్‌ను పట్టే నాలుగు బోల్టులే పుల్లీని కూడా పట్టి ఉంచుతాయి. ఫ్యాన్ మందం పోయాక పాత బోల్టులు పొడవైపోతాయి. అవే బిగిస్తే చివర పంపు బాడీకి తగలవచ్చు, లేదా అడుగు తగిలి ఆగిపోయి పుల్లీ వదులుగా ఉండిపోతుంది. పాత బోల్టును నమూనాగా పట్టుకెళ్ళి అదే మర ఉన్న పొట్టి బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు తెచ్చుకోండి. బెల్ట్ మాత్రం అలాగే ఉండాలి. వాటర్ పంపును తిప్పేది ఇప్పటికీ అదే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉందన్న ధైర్యంతో తెగిన బెల్ట్‌తో నడిపితే, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, లోపల నీరు మాత్రం కదలదు.

ఫ్యాన్‌ను వెలిగించి ఆర్పే వేడి స్విచ్‌కు మూడు దారులున్నాయి. సన్నటి తీగ కొసన ఉన్న, వేడిని పసిగట్టే బుడ్డిని హోస్ పైపులోకి దూర్చే రకం ఒకటి. అది దూరిన చోట ఎప్పటికైనా నీరు కారుతుంది, నేను వాడను. పై హోస్ పైపు కోసి నడుమ లోహపు గొట్టం పెట్టి, దానికి స్విచ్ బిగించేది రెండోది. సులువైన పనే, కానీ రెండువైపులా రబ్బరు ఉండటంతో ఆ గొట్టానికి బాడీతో సంబంధం తెగిపోతుంది. ఒకే తీగ ఉండే స్విచ్ అయితే విడిగా ఎర్త్ తీగ (బాడీకి కలిపేది) వేయకపోతే ఫ్యాన్ ఎన్నడూ తిరగదు, తప్పు ఎక్కడుందో తెలియక రోజులు పోతాయి. మూడోది నాకు ఇష్టమైనది: రేడియేటర్ ఇత్తడి తొట్టికి రంధ్రం చేసి, మర ఉన్న ఇత్తడి బుడిపె టంకంతో అతికించి స్విచ్ అక్కడ బిగించడం. రేడియేటర్ శుభ్రానికి విప్పినప్పుడే చేయిస్తే అదనపు శ్రమ కూడా లేదు.

స్విచ్ పలికే వేడి థర్మోస్టాట్ తెరుచుకునే వేడి కంటే స్పష్టంగా ఎక్కువ ఉండాలి. 82 థర్మోస్టాట్‌కు పై తొట్టిలో 92 దగ్గర వెలిగి 87 దగ్గర ఆరే స్విచ్ బాగా కుదురుతుంది. 80 దగ్గర వెలిగేది పెడితే ఫ్యాన్ హైవే మీద కూడా ఆగకుండా తిరిగి మోటారు త్వరగా పోతుంది. అదే 92 స్విచ్‌ను కింది తొట్టిలో పెడితే అక్కడి నీరు అప్పటికే చల్లబడి ఉంటుంది కాబట్టి ఆలస్యంగా పలుకుతుంది.

తీగల పనిలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, తప్పనిసరి. వేడి స్విచ్‌లోంచి 10 ఆంపియర్లు నేరుగా పోనిస్తే దాని ముఖాలు కాలిపోతాయి. మామూలు నాలుగు కాళ్ళ రిలే, 30 ఆంపియర్లది చాలు. దాని 30వ నంబరు కాలికి బ్యాటరీ ప్లస్ నుంచి తీగ రావాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. 87 నుంచి ఫ్యాన్ మోటారుకు. 86కు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగ, లూకాస్ పద్ధతి వైరింగ్‌లో ఫ్యూజు పెట్టె నుంచి బయలుదేరే ఆకుపచ్చ తీగ. 85 నుంచి వేడి స్విచ్‌కు, అక్కడి నుంచి ఎర్త్‌కు. డ్యాష్ కింద ఒక చిన్న స్విచ్ పెట్టి దానిని కూడా 85కూ ఎర్త్‌కూ నడుమ కలిపితే, ఘాట్ ఎక్కబోయే ముందు మీరే ఫ్యాన్ వేసుకోవచ్చు. 87 నుంచి ఒక చిన్న బల్బు డ్యాష్ మీదికి తెచ్చుకోండి, ఫ్యాన్‌కు కరెంటు అందుతోందో లేదో కళ్ళెదుటే తెలుస్తుంది.

రిలే లేకుండా ఇగ్నిషన్ తీగకే మోటారు కలిపితే ఇంకో తలనొప్పి ఉంది. తాళం తీసినా తిరుగుతున్న ఫ్యాన్ మోటారు కాసేపు జనరేటర్‌లా పనిచేసి ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు అందిస్తుంది, ఇంజిను వెంటనే ఆగదు.

మోటారు తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గవద్దు. 10 ఆంపియర్ల దగ్గర రానూపోనూ 4 మీటర్ల తీగలో దాని నష్టం 0.3 వోల్టు లోపే. ఎలక్ట్రీషియన్ చేతిలో ఉన్న 1 చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే నష్టం 0.7 వోల్టు, తీగ వెచ్చబడుతుంది, ఫ్యాన్ నీరసిస్తుంది. మోటారు ఎర్త్‌ను రంగు మీద కాకుండా గీకిన ఇనుము మీద బిగించండి. మీ బండిలో ఆంపియర్ మీటరు ఉంటే ఒక మాట గుర్తుంచుకోండి. ఫ్యాన్ తీగ బ్యాటరీ కొన దగ్గరే కలిపితే, ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఆ కరెంటు మీటరు గుండా పోయి బ్యాటరీ చార్జ్ అవుతున్నట్టు చూపిస్తుంది. మీటరుకు అవతల, ఆల్టర్నేటర్ వైపు కలిపితే సరైన అంకె కనిపిస్తుంది.

నీళ్ళ బదులు శుద్ధజలం, కూలెంట్ సగం సగం పోయండి. ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా బండి నిలిపి నింపితే గాలి బుడగలు బయటికి వచ్చేస్తాయి. తర్వాత మధ్యాహ్నం ఎండలో నలభై నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఫ్యాన్ వెలగాలి, కొన్ని నిమిషాలకు ఆరాలి, మళ్ళీ వెలగాలి. ఒకసారి వెలిగి ఇక ఆరకపోతే కోర్ ఇంకా మూసుకుని ఉందనో, ఫ్యాన్ చిన్నదనో, స్విచ్ తక్కువ వేడిదనో అర్థం. ఆ సమయంలోనే మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర, మోటారు కొనల దగ్గర వోల్టులు కొలవండి, తేడా అర వోల్టు దాటితే ఎక్కడో అతుకు బాగాలేదు. హెడ్‌లైట్లు వేసి కూడా చూడండి. బ్యాటరీ దగ్గర 12.5 కంటే కిందికి జారుతూ పోతుంటే ఆల్టర్నేటర్ మోయలేకపోతోంది.

ఇగ్నిషన్ తాళం తిప్పి ఉన్నంతసేపు ఈ ఫ్యాన్ ఏ క్షణంలోనైనా తిరగడం మొదలుపెట్టగలదని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా బానెట్ ఎత్తే డ్రైవరుకు, చెప్పండి.

తీసిన ఇనుప ఫ్యాన్‌ను పాత సామానుకు వేయవద్దు. దాని నాలుగు పొడుగు బోల్టులతో కలిపి గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి, పక్కనే ఒక ఫ్యూజు, ఒక రిలే, ఒక స్పానరు. దూర ప్రయాణంలో మోటారు ఆగిపోయినా, ఎలక్ట్రిక్ ఫ్యాన్ విప్పి పక్కన పెట్టి అరగంటలో పాతది బిగించుకుని ఇల్లు చేరవచ్చు.